పైనుంచి పోసిన రసం

నాకు గుర్తు లేదని చెప్పాను. అది అబద్ధం.

మా ఇంట్లో ఎవరి పెళ్ళికి ఎవరు ఏ రంగు చీర కట్టారో, ఏ బిడ్డకు ఏ నెలలో మొదటి పన్ను వచ్చిందో నన్నే అడుగుతారు. నేను చెబుతూ ఉంటే పిల్లలు కంచంలో చెయ్యి పెట్టి తినడం మరిచిపోతారు. అలాంటిదాన్ని, పోయిన నెల మా అయ్యగారు వచ్చి ఒక్క ముక్క అడిగితే, గుర్తు లేదయ్యా అని తల అడ్డంగా ఊపాను.

పాస్టరును మేము అయ్యగారు అనే పిలుస్తాం. ఈయన నా మనుమడి ఈడువాడు. మా సంఘం ఎట్లా మొదలైందో చిన్న పుస్తకం వేస్తున్నారట. మొదటి రోజులు చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలానని, నా మాటలు ఫోన్లో ఎక్కించుకోవడానికి వచ్చాడు. గోదావరి మీద బస్సుల వంతెన లేని రోజుల కబుర్లు చెప్పాను, గుడి లేనప్పుడు ఎక్కడ కూడేవాళ్ళమో చెప్పాను. ఉల్లాసంగానే చెప్పాను. అప్పుడు అడిగాడు.

"పెద్దమ్మా, బల్లారాధనకు విడివిడి గ్లాసులు ఈ బొగ్గుబాయిల దిక్కు అందరికంటె ముందు పెట్టింది మన సంఘమేనట గదా! వేరేటోళ్ళు మొన్న మొన్న ఆ రోగం వచ్చినంక పెట్టుకున్నరు. మనోళ్ళు అప్పుడే శుభ్రత గురించి ఆలోచన చేసిన్రు. ఎవరిది ఆ ఆలోచన? ఆ పేరు పుస్తకంల వేద్దాం."

బల్లారాధన అంటే నెలకొకసారి అందరం కలిసి రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన.

"గుర్తు లేదయ్యా," అన్నాను.

"ఫికర్ లేదు పెద్దమ్మా. పెద్దల ముందుచూపు అని రాస్త," అని చాయ తాగి వెళ్ళిపోయాడు.

తరువాతి ఆదివారం బల్లారాధనలో నా ముందుకు పళ్ళెం వచ్చింది. దాంట్లో గుంటలు, ఒక్కో గుంటలో బొటనవేలంత ప్లాస్టిక్ కప్పు. ప్రతి నెలా తీసుకునేదే. ఆ రోజు మాత్రం తాగేశాక కూడా కప్పును చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఇంటికి వచ్చి మనుమరాలి దగ్గర నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. నాకు రాత సరిగా రాదు. ఒత్తుల దగ్గర చెయ్యి ఆగుతుంది. ఎందుకు ఆగుతుందో కూడా ఇందులోనే ఉంది. తప్పులు ఆ పిల్ల దిద్దింది.

మా నాన్న గోదావరిఖనిలో బొగ్గుబాయి పనికి కుదిరినప్పుడు నేను చంకలో బిడ్డనట. నాకు తెలివి వచ్చేసరికి మేము రెండు గదుల క్వార్టర్‌లో ఉన్నాం. సాయంత్రమైతే వరుస వరుసంతా ఇంటి ముందర బొగ్గుపొయ్యిలు రాజేసేవాళ్ళు. ముందు పొగ వచ్చేది, కళ్ళు మండేవి, తరువాత ఒక్కో ఇంటి కూర వాసన పొగలోంచి విడివడి వచ్చేది. ఇది చింతచిగురు, ఇది ఎండుచేప, ఇది పక్క వరుసలో మాంసం అని కూర్చున్నచోటు నుంచే చెప్పేదాన్ని. సైరన్ మోగితే షిఫ్టు దిగి మగవాళ్ళు వచ్చేవాళ్ళు. అందరి మొహాలూ ఒకటే నలుపు. ఎవరి నాన్న ఎవరో నడకను బట్టి గుర్తుపట్టాలి.

మేము వదిలి వచ్చిన ఊర్లో వాడలు ఉండేవి. కంపెనీ క్వార్టర్లకు వాడలు లేవు, నంబర్లే. ఊరి బయట మా వాడ ఒకటి, దానికి అవతల ఇంకో వాడ. ఊరివాళ్ళకు మేము ఇద్దరమూ ఒకటే, ఇద్దరమూ బయటివాళ్ళమే. కానీ మా ఇద్దరి మధ్య మేమే గీసుకున్న గీత ఒకటి ఉండేది. వాళ్ళింట్లో మేము తినం, వాళ్ళు తాగింది తాగం. వాడల పేర్లు రాయను. ఇక్కడ అందరికీ తెలుసు.

మా క్వార్టర్‌కు నాలుగు ఇళ్ళ అవతల పాటలవ్వ ఉండేది. ఆమె ఆ రెండో వాడ మనిషి. సంఘంలో ఆమెది బైబిలు స్త్రీ పని. అంటే ఇల్లిల్లూ తిరిగి, చదువు రాని ఆడవాళ్ళ పక్కన కూర్చుని వాక్యం చదివి వినిపించాలి, రోగమొస్తే ప్రార్థన చెయ్యాలి. ఈమె మాత్రం ఎక్కువగా పాటలు నేర్పేది. బియ్యం ఏరుతుంటే తానూ చేట అందుకుని ఏరుతూ పాడేది. అందుకే ఆ పేరు. మోచేతుల దాకా పచ్చబొట్లు, నడుముకు నశ్యం డబ్బీ.

"అవ్వా, నశ్యం పీలిస్తే పాపం గాదా?" అని మేము ఏడిపించేవాళ్ళం.

"దేవునికి నా ముక్కు సంగతి మొదటి నుంచి ఎర్కనే బిడ్డా. నడుమ మీరెందుకు చాడీలు చెప్పుడు?" అని పీల్చి తుమ్మేది.

ఆమె పెరడే మా గుడి. బాయి లోపల గాలి మళ్ళించడానికి కట్టే మందపాటి పరదా గుడ్డ పాతబడితే పారేస్తారు. ఆమె కొడుకు, మా నాన్న కలిసి అది తెచ్చి గుంజల మీద కప్పారు. వాన పడితే గుడ్డలోంచి బొగ్గువాసన దిగేది. ఆ వాసనలోనే నేను అక్షరాలు నేర్చుకున్నాను. మా ఇంట్లో ఆడపిల్లను బడికి పంపే ఆలోచన లేదు. పాటలవ్వ మా అమ్మతో, "పొద్దుమీకి గంటసేపు నాకియ్యి, పోరి గుర్తు పెట్టుకునేది జూస్తె నాకే భయమైతున్నది," అని నన్ను తీసుకుపోయింది. పలక కొనలేదు. ఆమె పెరట్లో సిమెంటు గచ్చే పలక, బొగ్గు ముక్కే బలపం. రాసింది తుడవడానికి చెంబెడు నీళ్ళు. నెలలోనే అక్షరాలన్నీ వచ్చేశాయి. ఆమె నా నల్లబడిన వేళ్ళు తన కొంగుతో తుడిచి, "ఈ చెయ్యి రాస్తది. చూడుండ్లి," అని అందరికీ చూపించేది.

మా నాన్న, ఆమె కొడుకు ఒకే జతపని. ఇద్దరూ కలిసి తట్టలతో బొగ్గు మోసి ఒకే టబ్బు నింపేవాళ్ళు. లోపల ఉక్కకు మనిషి ఊరికే తడిసిపోతాడు, సీసాడు నీళ్ళు సగం షిఫ్టుకే అయిపోతాయి. అప్పుడు ఎవడి సీసా దగ్గరుంటే అది అందుకుంటారు. ఆ మాట నాన్న ఇంట్లో చెప్పేవాడు కాదు. అమ్మ అడిగేది కాదు.

నెలలో మొదటి ఆదివారం మంచిర్యాల నుంచి రైలెక్కి అయ్యగారు వచ్చేవాడు. ఆ రోజే బల్లారాధన. ద్రాక్షరసం ఆ రోజుల్లో ఎక్కడ దొరికేది? పాటలవ్వ ఎండుద్రాక్ష తెప్పించి శనివారం పొద్దున నానబెట్టి, సాయంత్రం ఉడకబెట్టి, గుడ్డలో వేసి పిండేది. కొనుక్కురావడం నా పని. చౌరస్తాలో కిరాణా నడిపే సాయిబు నన్ను చూడగానే నవ్వేవాడు.

"ఏం బేటీ, మీ దేవుని కిస్మిస్ దినం వచ్చేసిందా? నాకు క్యాలెండర్ అవసరమే లేదు, నువ్వొస్తే చాలు," అని, కాగితం పొట్లం మీద పిడికెడు ఎక్కువ వేసేవాడు.

ఆ పిడికెడు దారిలోనే నా నోట్లోకి వెళ్ళేది. నానిన తరువాత ఇంకా బాగుంటాయి, ఉబ్బి మెత్తగా. గిన్నె మీది మూత జరిపి నాలుగు, మళ్ళీ నాలుగు.

"ఈ నెల ఈగలు చానా తిన్నయి," అనేది పాటలవ్వ గిన్నెలోకి చూసి. "గీ ఈగలకు రెండు జడలు గూడ ఉన్నట్టున్నయి."

రసం ఉడుకుతున్నప్పుడు బొగ్గుపొగ మీద తియ్యటి వాసన తేలేది. ఆ వాసనలో కూర్చుని ఆమె తమ తాత కథ చెప్పేది. ఎన్నిసార్లు చెప్పినా వినేదాన్ని.

గోదావరి అవతలి ఊర్లో ఆమె తాత దొర పొలంలో పనిచేసేవాడట. దూపైతే, అంటే దాహమేస్తే, దొర ఇంటి వెనుక వంగి నిలబడి దోసిలి పట్టాలి. లోపలి మనిషి చెంబు పైకెత్తి, చెంబుకు చెయ్యి తగలకుండా, పైనుంచి పోసేది. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోయేవట. అట్లాంటి రోజుల్లో పుస్తకాల సంచి భుజాన వేసుకుని ఒక బోధకుడు నడిచి వచ్చాడు. ఆయన వెనుక ఎడ్లబండిలో ఒక తెల్ల దొరసాని. రెండు వాడలవాళ్ళూ విన్నారు. కానీ వీళ్ళు ఈ పక్క, వాళ్ళు ఆ పక్క కూర్చుని విన్నారు.

"బాప్తిస్మం ఇయ్యిమని రెండు వాడలోళ్ళు అడిగిన్రు బిడ్డా. బోధకుడు ఏమన్నడో తెలుసా? ముందు అందరు ఒక్క గ్లాసుల తాగుండ్లి, తర్వాత నీళ్ళల్ల ముంచుడు సంగతి చూద్దాం అన్నడు. ఇగ లొల్లి! వానకాలమంత లొల్లే. మీ వాడోళ్ళు ఎగిరిన్రు, మా వాడోళ్ళు అలిగిన్రు. ఆఖరికి ఒకనాడు మీ వాడ పెద్దమనిషి ఒకాయన ఇత్తడి గ్లాసుల రసం తాగి, దాన్ని మా తాతకు అందిచ్చిండు. మా తాత ఏం చేసిండు చెప్పు?"

"దోసిలి పట్టిండు!" అని నేను అరిచేదాన్ని.

"దోసిలి పట్టిండు! వంగి, దోసిలి పట్టిండు. పుట్టినకాన్నుంచి చేతికి గ్లాసు ఇచ్చినోడు లేకపాయె మరి. చేతులు గాదు, గ్లాసు పట్టుకో అని బోధకుడు రెండుసార్లు చెప్పిండట. పట్టుకుంటే చేతులు వణికి సగం రసం గడ్డం మీదికి పోసుకున్నడు."

మేమిద్దరం పడి పడి నవ్వేవాళ్ళం. నవ్వి నవ్వి ఆమె కళ్ళు తుడుచుకునేది. అప్పుడు నాకు అది నవ్వే అనిపించేది.

ఆ ఇత్తడి గ్లాసే ఆమె దగ్గర ఉండేది. చింతపండుతో తోమి తోమి అంచు పలచబడింది. నెలకొకసారి దాన్ని బయటికి తీసేవాళ్ళు. మగవాళ్ళలో మొదటివాడికి అయ్యగారు ఇస్తే చేతి నుంచి చేతికి తిరిగేది. వాళ్ళది అయ్యాక గ్లాసు పాటలవ్వ చేతికి వచ్చేది. ఆమె ఆడవాళ్ళ వరుసలో ఒక్కొక్కరి నోటికీ అందించి, చివరన మిగిలింది తాను తాగేది. వరుసలో రెండు వాడలవాళ్ళూ కలిసే కూర్చునేవాళ్ళు. బయట గీత ఉండేది. ఆ గుడ్డ కింద, ఆ గంటసేపు ఉండేది కాదు.

ఇక నా సంగతి.

మా అక్కకు కమాన్‌పూర్ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్ళూ క్రైస్తవులే, మా వాడవాళ్ళే. అక్కకు ఆ పిల్లవాడంటే ఇష్టం. వాళ్ళు వస్తున్నారని తెలిసి రెండు రోజులు వరసగా కూర మాడగొట్టింది. పిల్లవాడి తల్లి ముందుగా తానొక్కతే పిల్లను, ఇంటిని చూసుకుపోదామని శనివారం బస్సు దిగింది. ఆదివారం ఆరాధన చూసుకుని పోతానంది. అది మొదటి ఆదివారం.

ఆమె సంచిలోంచి నా కోసం ఒక స్టీలు గ్లాసు తీసింది. చిన్నది, రెండు గుక్కలు పట్టేది. అప్పుడప్పుడే స్టీలు వస్తున్న రోజులు. మా ఇంట్లో ఉన్నవన్నీ ఇత్తడి, సిల్వరు సొట్టగిన్నెలు. ఆ గ్లాసులో నా మొహం కనబడింది. "నీకే పిల్లా. మంచి తెలివైనదానివట గదా," అంది. ఆ రాత్రి దాన్ని తల దగ్గర పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున అమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే ఆమె గడప మీద కూర్చుని మాటలు పెట్టింది.

"మా కాడ పెద్ద గుడి వదినె. గంట మోగితే రెండూళ్ళకు వినొస్తది. మీ కాడ పరదా కిందనా?"

"కట్టుకుంటం వదినె, మెల్లమెల్లగ," అంది అమ్మ.

"బల్లారాధన గూడ అక్కడనేనా? గ్లాసు ఒక్కటే తిప్పుతరట?"

అమ్మ రొట్టె తిప్పడం ఆపింది. "అయ్యగారు ఎట్ల చెప్తె అట్ల నడుచుకుంటం."

"ఆ వాడోళ్ళు గూడ అందులనే తాగుతరా? వాళ్ళు తాగినంక మీరు తాగుతరా?" అని ఆమె బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "అయ్యగారికేంది, పొద్దుమీకి రైలెక్కి పోతడు. రేపు చుట్టాలల్ల మొఖం చూపెట్టాల్సింది మనం. మేమైతె ఎక్కడికి పోయినా మా గ్లాసు మేమే పట్టుకపోతం. తప్పేమున్నది? దేవుడు రసం చూస్తడా, గ్లాసు చూస్తడా?"

అమ్మ చూపు పెనం మీదే ఉంది. రొట్టె ఒక పక్క నల్లగా మాడింది. లోపలి గదిలో అక్క గాజుల చప్పుడు ఆగిపోయింది. ఈ సంబంధం తప్పిపోతుందని నాకు అర్థమైంది. అమ్మ నన్నేమీ చెయ్యమనలేదు. ఈ మాట బాగా రాయాలి. ఎవరూ నన్ను ఏమీ చెయ్యమనలేదు. నేనే లేచి లోపలికి వెళ్ళి, ఆ స్టీలు గ్లాసు తీసుకుని పరికిణీ నడుములో దోపుకుని, పైట కప్పుకున్నాను. అక్క కోసం అనుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే, ఆ మెరిసే గ్లాసు పదిమందిలో బయటికి తియ్యాలనే సరదా కూడా ఉంది.

అప్పటికి నేను బాప్తిస్మం తీసుకుని రెండు నెలలు. వరుసలో పెద్దవాళ్ళతో కూర్చునే హక్కు వచ్చింది. నా ముందు పాటలవ్వ చెల్లెలు, ఆమె పక్కన ఆ పెళ్ళికొడుకు తల్లి, తరువాత అమ్మ, తరువాత నేను. మగవాళ్ళ వైపు నాన్న, పాటలవ్వ కొడుకు ఎప్పటిలాగే పక్కపక్కన ఉన్నారు. అప్పుడే నాన్న తాగి, గ్లాసు అతనికి అందించాడు.

గ్లాసు మా వైపు వచ్చింది. పాటలవ్వ చెల్లెలు తాగింది. పెళ్ళికొడుకు తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఒంట్ల మంచిగ లేదు," అని మొహం తిప్పుకుంది. అమ్మ ఒక క్షణం చూసి పెదవులు తాకించింది. తాగిందో లేదో తెలియదు. నా ముందుకు వచ్చేసరికి పాటలవ్వ నవ్వుతోంది. ముందురోజు ఆ రసం కోసం నానబెట్టిన ద్రాక్షలు నేను తిన్నానని ఆ నవ్వు. గ్లాసు నా నోటి దగ్గరికి తెచ్చింది.

నేను స్టీలు గ్లాసు తీసి ముందుకు చాపాను. "ఇందుల పొయ్యి," అన్నాను.

మెల్లగా అనలేదు. వినబడేటట్టే అన్నాను.

అందరూ పాడుతున్న పాట ఆగిపోయింది. ఎక్కడో మేక అరిచింది. పాటలవ్వ నా మొహం వైపు, గ్లాసు వైపు, మళ్ళీ మొహం వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఈ రోజు నాకు ఇంత బరువుండేది కాదు. ఆమె ఇత్తడి గ్లాసును పైకెత్తింది. జానెడు ఎత్తు చాలు. మూరెడు పైకెత్తింది. అంచు అంచుకు తగలకుండా, సన్నటి ధారగా, పైనుంచి పోసింది. రెండు చుక్కలు చింది నా తెల్ల పరికిణీ మీద పడ్డాయి.

తరువాత వంగి, నాకు మాత్రమే వినబడేటట్టు, "నేను ముట్టలె బిడ్డా. పైనుంచే పోసిన. తాగు," అంది.

తాగాను. నా వెనుక ఎవరో వీపు నిమిరారు. పెళ్ళికొడుకు తల్లి. "శభాష్," అంది.

ఆరాధన అయిపోయాక నాన్న ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు కానీ ముట్టలేదు. చుట్టం బస్సెక్కిందాకా ఊరుకుని అప్పుడు నోరు తెరిచాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"బాయిల దూపైతె వాని సీస నేను, నా సీస వాడు ఇన్నేండ్లు తాగినం. రేపు ఏ మొఖంతోని అడుగాలె?" అని అమ్మను అడిగాడు.

"పోరి ఎర్కలేక చేసింది," అంది అమ్మ.

"ఎర్కలేకనా?" అని నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

సంబంధం కుదిరింది. అక్క పెళ్ళి జరిగింది, మంచిగానే బతికింది. పెళ్ళయిన ఏడాదికి పుట్టింటికి వచ్చినప్పుడు ఒకసారి నా జడ వేస్తూ, "నా కోసం చేసిన అని ఎవ్వరికన్న చెప్పినవనుకో, ఊరుకోను. నేను నిన్ను అడిగిన్నా?" అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మరుసటి నెల మా వాడ ఆడవాళ్ళు కొంగుల కింద గ్లాసులతో వచ్చారు. పిల్ల చేస్తే లేని తప్పు పెద్దలు చేస్తే ఏముంది అన్నారు. మంచిర్యాల అయ్యగారు బతిమాలాడు, కోప్పడ్డాడు. గ్లాసులు మాత్రం ఇంటికి పోలేదు. పాటలవ్వ ఒక్కొక్క గ్లాసులోకీ పైనుంచి పోస్తూ వరుసంతా నడిచింది. ఆ తరువాతి నెల వాళ్ళ వాడవాళ్ళు సగం మంది రాలేదు. ఏడాది తిరిగేసరికి మేము ఇంకో క్వార్టర్ పెరట్లో వేరే పరదా కట్టుకున్నాం. ఒక్క కాలనీలో రెండు సంఘాలయ్యాయి. మాది పెరిగింది, రేకుల షెడ్డయింది, తరువాత స్లాబు పడింది. మా గ్లాసులు కూడా పెరిగి పెరిగి ఇప్పుడు పళ్ళెంలో కప్పులయ్యాయి. అయ్యగారూ, మీరు రాయబోయే ముందుచూపు ఇదే.

నాన్న మాత్రం అటూ పోలేదు, ఇటూ పోలేదు. ఆదివారం పూట ఇంటి ముందర కూర్చుని బాయి బూట్లకు నూనె పట్టించేవాడు. రెండు దిక్కుల నుంచీ పాటలు వినబడేవి. చచ్చేదాకా అంతే.

నేను చదువుకు పోవడం మానేశాను. ఆమె రావద్దనలేదు. రెండుసార్లు పిలిచింది కూడా. "ఒత్తులు సగమే అయినయి బిడ్డా, రా," అంది వీధిలో. నేను వినబడనట్టు నీళ్ళ బిందె ఎత్తుకుని నడిచాను. నా చేతికి వచ్చిన అక్షరాలన్నీ ఆమె పెట్టినవే. రాని సగం నేను పోగొట్టుకున్నది.

ఆమె పోయినప్పుడు నా చంకలో పెద్దకొడుకు ఉన్నాడు. పెట్టె మా వీధి మీదుగానే వెళ్ళింది. తలుపు చాటు నుంచి చూశాను. అంతమంది పాడుతుంటే, ఆమె నేర్పిన పాటే, నాకు పెదవి కదలలేదు.

ఇప్పుడు ఆ కాలనీ లేదు. ఓపెన్‌కాస్టు గని వచ్చి క్వార్టర్లన్నీ ఖాళీ చేయించారు. ఆమె గచ్చు, పరదా గుంజలు, పొయ్యిల వరుసలు ఉన్న చోట ఇప్పుడు పెద్ద గుంత. తవ్విన మట్టి గుట్టలై లేచింది. బస్సులో పోతూ ఎక్కడ ఉండేదో వేలు పెట్టి చూపిద్దామంటే గాలి తప్ప ఏమీ లేదు.

ఇంతవరకు రాసి, ఇది అయ్యగారికి ఇచ్చే ముందు ఒకరికి చెప్పాలనిపించింది. పాటలవ్వ కొడుకు కూతురు ఇక్కడే కొత్త కాలనీలో ఉంది. నడివయసు మనిషి, దవాఖానలో నర్సు పని. పోయిన వారం ఆటో ఎక్కి వెళ్ళాను. నేను ఫలానా వాళ్ళ బిడ్డనని, నాలుగిళ్ళ అవతల ఉండేవాళ్ళమని చెప్పాను. మా ఇంటి పేరు వినగానే లేచి కుర్చీ తుడిచి వేసింది. మర్యాదగానే. కొడుకును పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పి బయటికి పంపింది.

మాటల్లో ఇత్తడి గ్లాసు సంగతి అడిగాను.

"అది నాయినమ్మతోనే పెట్టెల పెట్టినమవ్వా. ఆమెనే చెప్పింది అట్ల," అంది.

పిల్లవాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో దుకాణం నుంచి తెచ్చిన నీళ్ళ సీసా. ఆమె దాన్ని అడుగున పట్టుకుని నాకు అందిస్తూ, మూత నావైపు తిప్పి చూపించింది.

"సీలు తియ్యలేదవ్వా. కొత్తదే. తాగుండ్లి."

సీసా అందుకున్నాను. తరువాత చెప్పేశాను. "మీ నాయినమ్మ ముందర స్టీలు గ్లాసు పట్టింది నేనే బిడ్డా."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. "మా ఇంట్ల ఆ ముచ్చట చెప్పుకునేటోళ్ళు. ఎవరా పిల్ల అని మేము చానాసార్లు అడిగినం. నాయినమ్మ పేరు చెప్పలేదు. అక్షరాలు జల్ది పట్టుకునే పిల్ల ఒకతి ఉండె అని, గంతే చెప్పింది."

నా చేతిలో సీసా చల్లగా ఉంది. మూత తిప్పాను. ముసలి చేతులు, రెండుసార్లు జారింది. తెరిచి ఆమె వైపు చాపాను.

"ముందు నువ్వు తాగి, నాకియ్యి బిడ్డా," అన్నాను.

ఆమె సీసా వైపు చూసింది. చెయ్యి చాపలేదు. కోపం లేదు, ఆ నాయినమ్మ మనుమరాలే కదా. మెల్లగానే అంది.

"నాకు దూప లేదవ్వా."